ఏడాదికి 580 బస్తాలు

లిబరల్ ఆర్ట్స్ అనే చదువు మన దేశానికి కొత్తగా వచ్చిందని ఈమధ్య ఆదివారం పేపర్లో నిండు పేజీ ప్రకటన చూసి తెలుసుకున్నాను. ఎకనామిక్స్ చదివే పిల్ల పక్కనే సాహిత్యం చదవొచ్చట, చరిత్ర చదవొచ్చట, రాజనీతి చదవొచ్చట, ముచ్చటపడితే కాస్త సైన్సు కూడా తగిలించుకోవచ్చట. పచ్చిక మీద కూర్చుని నవ్వుతున్న పిల్లల ఫొటో ఒకటి. నాకు ఒళ్లు మండింది. 1966లో మేం చదివిందేమిటండీ మరి? పార్ట్ వన్ ఇంగ్లీషు, అందులో ఒక షేక్‌స్పియర్ నాటకం, పద్యాలు, వ్యాసాలు. పార్ట్ టూ తెలుగు, కావాలంటే సంస్కృతం. పార్ట్ త్రీ గ్రూపు. నాది హెచ్‌ఈపీ, అంటే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. అన్నీ కలిపి మూడేళ్లు. దాన్ని బీఏ అనేవారు. ఎవరూ పేపర్లో ప్రకటన వెయ్యలేదు. పైపెచ్చు, మీవాడు ఏం చదువుతున్నాడని ఎవరైనా అడిగితే మా నాన్నగారు గొంతు తగ్గించి చెప్పేవారు.

ఆ మాటకొస్తే మనకి ఆర్ట్స్ కాలేజీలకి కొదవెప్పుడుంది? మచిలీపట్నంలో నోబుల్ దొర బడి పెట్టింది 1843లో. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి మూలమైన బడి 1853 నాటిది, కందుకూరి వీరేశలింగం గారు తెలుగు పండితులుగా పనిచేసింది అక్కడే. విజయనగరం మహారాజా వారి బడి 1857. గుంటూరు ఏసీ కాలేజీ 1885. పచ్చిక వాటికీ ఉండేది, ఫొటో తీసేవాళ్లే లేరు. నేను చదివింది గోదావరి జిల్లాల్లోనే ఇంకో కాలేజీ. పేరు చెప్పను. ఇప్పటి ప్రిన్సిపాలు గారు నన్ను ఏడాదికోసారి టీకి పిలుస్తుంటారు, అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

మా క్లాసులో ఎవరెవరుండేవారో చెప్తాను. పీయూసీలో లెక్కలు దెబ్బకొట్టినవాడు, ఎంపీసీ సీటు రానివాడు, వచ్చినా ల్యాబు ఫీజు కట్టలేనివాడు, స్టూడెంట్ యూనియన్ ఎలక్షన్లలో నిలబడ్డానికే చేరినవాడు, పెళ్లయ్యేదాకా ఏదో ఒకటి చదవాలి కదా అన్నవాడు, అందరం హెచ్‌ఈపీలో తేలేవాళ్లం. ఎకనామిక్స్ అంటే ప్రాణమని ఏరి కోరి చేరినవాడు నాకొక్కడూ కనబడలేదు. అదే మంచిదయిందంటాను నేను. ఎందుకంటారా? రైసుమిల్లు యజమాని కొడుకూ, ఆ మిల్లుకి ధాన్యం తోలే కౌలుదారు కొడుకూ, ఆ బియ్యం కోసం రేషన్ షాపు దగ్గర నిలబడే ఎలిమెంటరీ స్కూలు మాస్టారి కొడుకూ (అది నేను) ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఎవరూ పనిగట్టుకుని కూర్చోబెట్టలేదు. మార్కులు కూర్చోబెట్టాయి.

ఆడపిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. లెక్చరరు వచ్చేదాకా లేడీస్ రూములో ఉండి, ఆయన వెనకాల వరసగా వచ్చి ముందు బెంచీలో కూర్చుని, గంట కొట్టగానే మళ్లీ ఆయన వెనకాలే వెళ్లిపోయేవారు. మూడేళ్లలో వాళ్ల గొంతు మేం విన్నది హాజరు పలికినప్పుడే. దీన్ని కూడా మా రోజులే మేలు అనేంత మూర్ఖుణ్ణి కాను.

పుస్తకం ఇంగ్లీషు, చెప్పేది తెలుగు, పరీక్షలో రాసేది మళ్లీ ఇంగ్లీషు. జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి వచ్చి డ్యూయెట్ ఎకనామిక్స్ పుస్తకం మీద పడేవాళ్లం. రుద్దర్ దత్, సుందరం గార్ల ఇండియన్ ఎకానమీ అప్పుడప్పుడే వచ్చింది. స్టోనియర్ అండ్ హేగ్ లైబ్రరీలో ఒక్క కాపీ ఉండేది, అది సాధారణంగా లైబ్రేరియన్ గారి బల్ల సొరుగులో ఉండేది. 1968లో తెలుగు అకాడమీ పెట్టారు గానీ దాని పుస్తకాలు మా చేతికి అందేలోపు మా చదువే అయిపోయింది. ఉదాసీనతా వక్రరేఖలూ, క్షీణోపాంత ప్రయోజనమూ అన్నీ మా తమ్ముడి బ్యాచి వాళ్లు హాయిగా తెలుగులో చదువుకున్నారు. మాకు మాత్రం మా ఎకనామిక్స్ మాస్టారే అకాడమీ. ఆత్రేయపురం పూతరేకు మొదటిది తింటే ఎంత సుఖం, రెండోది తింటే ఎంత, అయిదోది తింటే ఎంత, ఏడోది డబ్బిచ్చినా తింటావా అని అడుగుతూ బోర్డు మీద గీత కిందకి దించేవారు. పదకొండింటి క్లాసు. నోట్లో నీళ్లూరుతుండగా నేర్చుకున్న సిద్ధాంతం ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆయన చెప్పే తీరు గురించి కాస్త ఆగి చెప్పాలి. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు. డాలరుకి 4.76 రూపాయలున్నది 7.50 అయింది. మేం జులైలో చేరాం. మొదటి వారంలోనే మాస్టారు వచ్చి, "ఒకాయన రూపాయి 36.5 శాతం తగ్గిందంటున్నాడు, ఇంకొకాయన కాదు 57.5 శాతం అంటున్నాడు. ఇద్దరిలో అబద్ధం ఎవరు చెప్తున్నారో తేల్చండి" అని సుద్దముక్క బల్లమీద పెట్టి కుర్చీలో కూర్చున్నారు. క్లాసంతా కొట్టుకున్నాం. మిల్లు యజమాని కొడుకు 57.5 అన్నాడు, వాళ్ల మిల్లుకి బయటినుంచి రావలసిన యంత్రం ఖరీదు అంత పెరిగింది మరి. నేను 36.5 అన్నాను, ఎందుకన్నానో గుర్తులేదు. గంట కొట్టే ముందు మాస్టారు లేచి, ఇద్దరూ నిజమే చెప్పారు అన్నారు. డాలర్లలో రూపాయి ధర చూస్తే 36.5 పడిపోయింది, రూపాయల్లో డాలరు ధర చూస్తే 57.5 లేచింది. శాతం చెప్పి, దేనిమీద శాతమో చెప్పనివాడితో జాగ్రత్తగా ఉండమన్నారు. తర్వాత బ్యాంకులో ముప్ఫై ఏళ్ల పైన పనిచేశాను. ఆ ఒక్క ముక్కతో ఎన్ని లోన్ అప్లికేషన్లు వెనక్కి పంపానో లెక్కలేదు.

ఆ ఏడాదే అక్టోబరులో విశాఖలో అమృతరావు గారు ఉక్కు ఫ్యాక్టరీ కోసం నిరాహారదీక్షకి కూర్చున్నారు. నవంబరు 1న కాల్పులు. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతా కలిపి 32 మంది పోయారు. కాలేజీలు మూసేశారు. తెరిచాక మొదటి క్లాసులో మాస్టారు సిలబస్ పక్కనబెట్టి, పరిశ్రమ ఎక్కడ పెట్టాలో చెప్పే వెబర్ సిద్ధాంతం మొదలుపెట్టారు. ఇనుప ఖనిజం బైలదిల్లా నుంచి రావాలి, బొగ్గు ఇంకెక్కడి నుంచో రావాలి, సరుకు ఓడ ఎక్కాలి. టన్నుకి రవాణా ఖర్చు ఇంత అనుకుంటే ఫ్యాక్టరీ ఎక్కడ ఉండాలి? ఆవేశం సంగతి అలా ఉంచి లెక్క చెప్పమన్నారు. ఆంగ్లో అమెరికన్ కన్సార్టియం అంతకు ముందు ఏడాదే విశాఖ మేలని చెప్పిందని చివర్లో చెప్పారు, మేం లెక్క చేసేదాకా చెప్పలేదు. ఊరేగింపులో గొంతు చించుకున్నవాడు కూడా ఆ రోజు కాగితం మీద కూడికలు చేశాడు. శంకుస్థాపన 1971 జనవరిలో జరిగింది, అప్పటికి మేం తలో దిక్కూ ఉద్యోగాల్లో పడ్డాం.

అన్నిటికంటే బాగా గుర్తున్నది లెవీ క్లాసు. 1957లో దక్షిణాది నాలుగు రాష్ట్రాలూ కలిపి ఒక బియ్యం జోను చేశారు. తర్వాత దాన్ని విడగొట్టి ఏ రాష్ట్రానికా రాష్ట్రమే అన్నారు. మా గోదావరి బియ్యం కేరళ వెళ్లాలంటే సర్కారు ఖాతాలోనే వెళ్లాలి. ఇక్కడ ఒక ధర, అక్కడ ఒక ధర, మధ్యలో రైళ్లలో సంచులు. మిల్లుల దగ్గర సర్కారు బియ్యంలో ఒక వాటా లెవీ కింద తీసుకునేది, దాని ధర వేరు. 1965లో ఫుడ్ కార్పొరేషన్ వచ్చింది. ఇదంతా మాకు సిలబస్ కాదు, రాత్రి భోజనం దగ్గర మాట. మాస్టారు డిమాండ్, సప్లయి గీతలు గీసి, అవి కలిసే చోటికి కింద అడ్డంగా ఒక గీత గీసి, ఇదీ లెవీ ధర అన్నారు. మిల్లు యజమాని కొడుకు లేచి, మా నాన్నని దోచుకుంటున్నారండి అన్నాడు. నేను లేచి, ఆ రేషనే లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదండి అన్నాను. అప్పుడు వెనక బెంచీలోంచి కౌలుదారు కొడుకు, ఎన్నడూ నోరు విప్పనివాడు, "మాస్టారూ, ఈ బొమ్మలో మా నాన్న ఎక్కడుంటాడండి?" అని అడిగాడు. ఎవరమూ నవ్వలేదు. మాస్టారు బోర్డు తుడిచేసి, ఎప్పుడో ఫైనలియర్లో చెప్పవలసిన రికార్డో భాటక సిద్ధాంతం ఆ రోజే మొదలుపెట్టారు. మంచి చేను, మధ్య రకం చేను, చవిటి చేను, భూమి మీద మిగులు ఎవరికి పోతుంది, ఎందుకు పోతుంది. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే.

ఇంకో సరదా జరిగింది. క్షీణ ప్రతిఫల న్యాయం చెప్పేరోజుల్లోనే, 1967లో, ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్8 వరి పండించి విత్తనం కడుతున్నారు. ఆదివారం సైకిళ్లేసుకుని వెళ్లి చూసొచ్చాం. చేలో దిగుబడి పైకి పోతుంటే బోర్డు మీద గీత కిందకి దిగుతోందేమిటండీ అని సోమవారం మాస్టార్ని ఇరుకున పెట్టాం. విత్తనం మారితే గీతే పైకి జరుగుతుందిరా, ఆ కొత్త గీత మీద మళ్లీ ఎరువు గుమ్మరించుకుంటూ పో, అదీ వంగుతుంది అన్నారు. డెల్టాలో యూరియా వాడకం చూసినప్పుడల్లా నాకు ఆయన మాట తలపుకొస్తుంది.

ఇదీ మా బీఏ. ఇప్పుడు మా మనవరాలి సంగతి.

అమ్మాయి ఎకనామిక్స్ మేజరు, సాహిత్యం మైనరు. పేరున్న ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీ. ఫీజు, హాస్టలు, తిండీ కలిపి ఏడాదికి పది లక్షల దరిదాపు. అంకె విన్నాక నాకు నిద్ర పట్టలేదు. లేచి లెక్క కట్టాను. 2024–25కి సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాలుకి 2,300 రూపాయలు. మా వైపు బస్తా అంటే 75 కిలోలు, అంటే 1,725 రూపాయలు. పది లక్షలకి సుమారు 580 బస్తాలు. సార్వాలో ఎకరానికి 35 బస్తాలు వేసుకున్నా పదహారున్నర ఎకరాల పంట, అదీ ఖర్చులు తియ్యకుండా. మా రోజుల్లో బీఏ ఫీజు ఏడాదికి మూడు నాలుగు బస్తాల్లో తేలిపోయేది. పొద్దున్నే వీడియో కాల్ చేసి ఈ లెక్క వినిపించాను.

"తాతయ్యా, కొలబద్ద నీ ఇష్టమొచ్చింది ఎంచుకున్నావు" అంది.

"వరి కన్నా మంచి కొలబద్ద ఏముందే?"

"మిగతావాటితో పోలిస్తే వరి ధరే సరిగ్గా పెరగలేదు. అందుకని బస్తాల సంఖ్య పెద్దగా కనబడుతోంది. కాలేజీ ఖరీదైందనడం ఎంత నిజమో ధాన్యం చవకైందనడం అంతే నిజం. మీ లెక్చరర్ గారి జీతంతో, ఇప్పటి ప్రొఫెసర్ జీతంతో లెక్కకట్టి చూడు. లేదూ బంగారంతో కట్టు. ఏ బేస్ మీద కడుతున్నావో ముందు చెప్పాలి కదా."

నాకే పాఠం చెబుతోంది! ధరల సూచీకి లాస్పియర్ సూత్రం, పాషే సూత్రం ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాను. అప్పజెప్పాను కూడా. "తెలుసు కదా మరి" అని ఫోను పెట్టేసింది. దానికి మొత్తం ఖర్చులో సగం మాఫీ అయింది లెండి. మాఫీ పోను మిగిలింది 290 బస్తాలు.

చదువు చెప్పే పద్ధతి మీద నా ఫిర్యాదులు చాలా ఉన్నాయి, అన్నీ రాస్తే సంపాదకులు వేసుకోరు. ప్రొఫెసర్ని పేరు పెట్టి పిలుస్తారు. గారు లేదు, సార్ లేదు, ఎదురుపడితే పక్కకి తప్పుకోవడం లేదు. ఆయన కూడా అలాగే పిలవమన్నాడట. మొదటి ఏడాది పుస్తకం మాన్‌క్యూ అనే అమెరికా ఆయనది. గిరాకీ, సరఫరా అందులో ఐస్‌క్రీమ్ కోన్లతో చెప్తాడు. పూతరేకులతో నేర్చుకున్నవాణ్ణి, నాకేం ఆనుతుంది? రెండో పంచవర్ష ప్రణాళిక ఎప్పుడమ్మా అంటే ఫోను తీసింది. అప్పటికి నేను మొదటి ఏడు ప్రణాళికల లక్ష్యాలూ చెప్పేశాను. 2015లో ప్లానింగ్ కమిషన్‌నే ఎత్తేసి నీతి ఆయోగ్ పెట్టారు గదా తాతయ్యా అంటుంది. ఎత్తేస్తే? పానిపట్టు యుద్ధం అయిపోయిందని హిస్టరీలోంచి తీసేశారా?

అదే పిల్ల ఆ రెండో ప్రణాళిక వెనకున్న మహలనోబిస్ మోడల్‌ని మాత్రం కాగితం మీద సమీకరణాలు రాసి, పెట్టుబడిలో ఎంత వాటా యంత్రాలు చేసే యంత్రాలకి పెడితే ఎన్నేళ్లకి తిండీ బట్టా పెరుగుతాయో గ్రాఫు గీసి చూపించింది. మేం "1956–61, భారీ పరిశ్రమలు, మహలనోబిస్" అని మూడు ముక్కలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం. బాగానే ఉందన్నాను. ఇంకా పొగిడితే నెత్తికెక్కుతుంది.

రెండో ఏడాదికొచ్చేసరికి ఆర్ అనే సాఫ్ట్‌వేరు. రాత్రి రెండింటికి కూడా దానితోనే కుస్తీ. ఏం చేస్తున్నావమ్మా అంటే, హైదరాబాదు బస్తీల మీద చేసిన మైక్రోఫైనాన్స్ పరిశోధన డేటా పెట్టుకుని అందులో పట్టికలు తిరిగి వస్తాయో లేదో చూస్తున్నానంది. బెనర్జీ, డఫ్లో, ఇంకా ఇద్దరు కలిసి చేసిందట. 104 బస్తీలు తీసుకుని, చీటీలు వేసినట్టు సగం బస్తీలు ఎంచి, వాటిలో ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ చేత ముందుగా అప్పులిప్పించి, తక్కిన సగంతో పోల్చారు. కొందరు ఉన్న వ్యాపారంలో ఇంకాస్త పెట్టుబడి పెట్టారు, ఇంట్లోకి వస్తువులు కొనుక్కున్నారు. అంతకు మించి పిల్లల చదువూ, ఆరోగ్యమూ, ఆడవాళ్ల మాట చెల్లుబాటూ ఏమీ పెద్దగా మారలేదని తేలింది. 2019లో నోబెల్ ప్రకటించినప్పుడు బెనర్జీ, డఫ్లోల పేర్లు క్రెమర్‌తో పాటు మనమూ పేపర్లో చూశాం కదా, వాళ్లే.

నేను తొంభైల్లో డ్వాక్రా గ్రూపులకి అప్పులిచ్చినవాణ్ణి. 2010లో మైక్రోఫైనాన్స్ వాళ్ల మీద ఆర్డినెన్స్ వచ్చే ముందు పల్లెల్లో ఏం జరిగిందో కళ్లారా చూసినవాణ్ణి. "దీనికి ఇంత తతంగమా? మా ఫీల్డ్ ఆఫీసర్‌ని అడిగితే టీ తాగేలోగా చెప్పేవాడు" అన్నాను.

"చెప్పేవాడే. పక్క బ్రాంచి ఫీల్డ్ ఆఫీసరు దానికి సరిగ్గా ఎదురు చెప్పేవాడు. అప్పుడేం చేసేవారు?"

"రీజినల్ ఆఫీసుకి రాసేవాళ్లం."

"ఆయన?"

ఆయన ఏం చేసేవారో మనవరాలికి చెప్పదగ్గ విషయం కాదు. మీ నాన్నమ్మ పిలుస్తోందని లేచిపోయాను.

కానీ ఒకటి నేనూ అడిగాను. మీ క్లాసులో కౌలుదారు పిల్లలెవరైనా ఉన్నారా అని. ఒకబ్బాయి ఉన్నాడు, ఫుల్ స్కాలర్‌షిప్, అంది. క్లాసులో మాట్లాడతాడా? కాస్త ఆలోచించి, తక్కువ అంది. ఇంగ్లీషా? అదీ ఉంది, కానీ అందరూ ఇంటర్న్‌షిప్‌లూ, ఫారిన్ ట్రిప్పులూ మాట్లాడుకుంటుంటే అతనికి ఏం మాట్లాడాలో తోచదు తాతయ్యా అంది. అప్పుడు లెవీ క్లాసు సంగతి చెప్పాను. విని, ఇప్పుడు కూడా అదే గొడవ అంది. కౌళ్లు చాలామటుకు నోటిమాట మీద నడుస్తాయి, రైతు కాగితం రాసివ్వడు, సర్వేకి వచ్చినవాడికి ఎవరూ నిజం చెప్పరు. 2011లో సాగుదారులకి గుర్తింపు కార్డుల చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చినా ఇప్పటికీ లెక్కకి అందనివాళ్లే ఎక్కువని వాళ్ల ప్రొఫెసర్ చెప్పాడట. అంటే మావాడి నాన్న బోర్డు మీద బొమ్మలోనే కాదు, వీళ్ల కంప్యూటర్లో కూడా లేడన్నమాట. ఆ అబ్బాయి చేత ఈ మాట చెప్పించారా మీ ప్రొఫెసరు అని అడిగాను. లేదంది. మా మాస్టారైతే చెప్పించేవారు. ఈ ఒక్క విషయంలో ఎన్ని బస్తాలు పోసినా నేను దిగిరాను.

నా అసలు దుగ్ధ మనవరాలి యూనివర్సిటీ మీద కాదు. పోయిన ఏడాది మా పాత కాలేజీలో టీకి వెళ్లాను. ప్రిన్సిపాలు గారి గది బయట కోర్సుల బోర్డు. బీకాం కంప్యూటర్స్ పైన, డేటా సైన్సు దాని కింద, ఎకనామిక్స్ ఎక్కడో అడుగున. అందులో చేరేవాళ్లు పల్చబడ్డారట. ఇంటర్ అయిన ప్రతి పిల్లవాణ్ణీ ఇంజనీరింగ్ కాలేజీ బస్సు ఇంటి ముందుకొచ్చి ఎక్కించుకుపోతుంటే ఇంకెవరు మిగులుతారు? ఎకనామిక్స్ లెక్చరరు, చురుకైన కుర్రాడు, ఇంకో మాట చెప్పాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2023–24 నుంచి డిగ్రీలో మూడు సబ్జెక్టుల గ్రూపు పద్ధతి తీసేశారట. హెచ్‌ఈపీ లేదు, ఇంకో గ్రూపూ లేదు. ఒకటే మేజరు, దానికి తోడు ఒక మైనరు. స్పెషలైజేషన్ కావాలి కదండీ అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో.

చూశారా తమాషా? మూడు నాలుగు బస్తాలకి హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ సరిసమానంగా కలిపి వడ్డించిన చోట, ఒకటి చాల్లే అన్నారు. అదే కలగలుపుని పక్క రాష్ట్రంలో పచ్చిక మీద కూర్చోబెట్టి 580 బస్తాలకి అమ్ముతున్నారు. కొనేవాళ్లు కొంటున్నారు, మా కొడుకుతో సహా. గవర్నమెంటు కాలేజీలో చేరే పిల్లకి ఒక సబ్జెక్టు చాలునని ఎవరు తేల్చారో, ఏ గీత గీసి తేల్చారో, ఆ గీత కింద ఎవరున్నారో నాకెవరూ చెప్పలేదు. కుర్ర లెక్చరరు నన్ను గేటుదాకా దిగబెట్టి, మీ రోజుల్లో క్లాసుకి ఎంతమందండీ అని అడిగాడు. లేటుగా వస్తే గోడవార నిలబడే వినాల్సొచ్చేదన్నాను.

ఈ సంక్రాంతికి మనవరాలు వచ్చింది. ఫైనలియర్ థీసిస్ రాయాలట. ఏం తీసుకున్నావంటే అరవైల్లో బియ్యం జోన్లు అంది. జోన్లు పెట్టక ముందు ఏ రాష్ట్రంలో ధర ఎంత, పెట్టాక ఎంత, ఎక్కడ తేడా పెరిగింది. పాత రిపోర్టులు సంపాదించిందట, అవి చెప్పని సంగతులకి మనుషులు కావాలట. చెప్పరాదా తాతయ్యా, రైళ్లలో సంచులు, లెవీ ఇన్‌స్పెక్టర్లు అంది. చొక్కా మార్చుకొచ్చి పడక్కుర్చీలో కూర్చున్నాను. గొంతు సవరించుకునేలోగా రెండు పేజీల కాగితం చేతికిచ్చింది. ఏమిటిది? అనుమతి పత్రం. ఎథిక్స్ కమిటీ వాళ్లు సంతకం లేనిదే ఎవరితోనూ మాట్లాడనివ్వరట.

"నీ సొంత తాతని కూడానా?"

"సొంత తాత అయితే ఇంకా జాగ్రత్తగా ఉండమన్నారు. మొహమాటానికి ఒప్పుకుంటారట."

కళ్లజోడు పెట్టుకుని చదివాను. నా పేరు రాయరు. నేను చెప్పినదాన్ని వేరే ఆధారాలతో సరిచూస్తారు. ఇష్టం లేని ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు, కారణం చెప్పకుండా, మధ్యలో లేచిపోవచ్చు. మా రోజుల్లో కారణం చెప్పకుండా క్లాసులోంచి లేచిపోతే హాజరు చాలక ఏడాది చివర కండోనేషన్ ఫీజు కట్టించుకునేవారు. ఆ మాట కూడా రికార్డు చెయ్యమని చెప్పి, సంతకం పెట్టి, మిల్లు యజమాని కొడుకు దగ్గర్నుంచి మొదలుపెట్టాను. రెండో వాక్యానికే ఆపింది. అప్పటి లెవీ ధర క్వింటాలుకా బస్తాకా తాతయ్యా, అని.